సెనెటరుగారికి మా ఆస్తిలో వాటా లేదు

తణుకులో మోటారు వైండింగు షాపు నడిపి, ప్రస్తుతం ఐర్లండులోని క్లోనీలో మా అబ్బాయి చక్రధర్ అద్దెకున్న ఇంట్లో కాపురముంటున్న కామేశ్వరరావు అనే నేను, వయస్సు డెబ్బై నాలుగు, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న కాగితం ఇది. బుద్ధి సరిగానే ఉందా అని ఇక్కడ జీపీ అని పిలిచే మా డాక్టరుని అడిగితే గ్రాండ్, అంటే భేషుగ్గా ఉందన్నాడు. సంతోషం మాత్రం కాస్త ఎక్కువైంది. అది చట్టరీత్యా లోపం కాదని కనుక్కున్నాను. వీలునామా నవ్వుకుంటూ రాసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని మా ఆవిడ జయశ్రీ వెనకనుంచి అంటోంది.

1. రెండేళ్ళ కిందట రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అది కోపంలో రాసింది. మా అమ్మాయి ధరణి అప్పుడు అమెరికాలో డాక్టరు. గ్రీన్ కార్డు లైనులో నిలబడి నిలబడి నల్లజుట్టు తెల్లజుట్టయింది. బయటికొస్తే మళ్ళీ లోపలికి రానిస్తారో లేదోనన్న భయంతో నా గుండె ఆపరేషనుకి రాలేకపోయింది. పోనీ మేమే వెళ్దామంటే, వీసా కిటికీలో కూర్చున్న కుర్రాడు ఎందుకెళ్తున్నారన్నాడు. మనవడు నవదీప్‌కి చెవులు కుట్టించాలి, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి అన్నాను. నేను వెళ్ళి అక్కడే ఉండిపోతానని అతని అనుమానం, వీసా ఇవ్వలేదు. చెవులు కుట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందనుకున్నాడో మహానుభావుడు. ఆ మంటలో, ధరణి వాటా "అమెరికావారు వదిలిన పిమ్మట" ఇవ్వాలని రాశాను. ఆ మాట కొట్టేస్తున్నాను. మొన్న ఆగస్టులో ధరణి, అల్లుడు వినీత్, ఆరేళ్ళ నవదీప్ ఈ ఐర్లండులోనే ఉన్న కిల్కెన్నీకి వచ్చారు. అక్కడి ఆసుపత్రిలో సెలవు పెట్టి, ఒక్క ఏడాది ఉండి వెళ్ళిపోతామనే వచ్చారు. ఆ ముచ్చట ఏడో అంశంలో రాస్తాను.

2. తణుకు ఇల్లు, షాపు చక్రధర్‌కీ ధరణికీ సమానంగా చెందాలి. పోట్లాడుకోకండి. పోట్లాడితే ఇద్దర్నీ అమెరికా చట్టసభకి పంపిస్తాను.

3. బ్యాంకులో ఉన్నదంతా జయశ్రీది. టీవీ రిమోటు కూడా. పొద్దున్న లేచింది మొదలు అమెరికా వార్తలు పెట్టి, అక్కడ ఓటూ లేని, అడుగూ పెట్టని నేను టీవీని తిట్టాను. పప్పు పొంగినా లేచేవాణ్ణి కాదు. ఇకమీదట ఆమె ఇష్టం. వంటల కార్యక్రమం పెట్టుకోవచ్చు.

4. ఈ వీలునామా అమలుచేసే పెత్తనం మా వియ్యంకుడు, కోడలు ఆమని తండ్రి, ఇక్కడే టాలట్ నివాసి కృష్ణ మూర్తిగారికి అప్పగిస్తున్నాను. అమెరికా పార్టీల్లో ఆయనది ఒకటి, నాది రెండోది. ఆదివారం భోజనానికొస్తే పులిహోర చల్లారేదాకా వాదించేవారు. చక్రధర్ పిల్లలు ఈ ఇద్దరు తాతల్నీ చెరో గదిలో కూర్చోబెట్టిన రోజులున్నాయి. ఏ పార్టీ వచ్చినా మా అమ్మాయి లైను మాత్రం కదల్లేదు బావగారూ. కాబట్టి మీరూ తప్పే, నేనూ తప్పే. ఈ వాక్యం అందరి ముందూ నిలబడి పైకి చదివిన తరువాతే, కిటికీ దగ్గరి నా వాలుకుర్చీ మీది అవుతుంది.

5. ముఖ్యమైన అంశం. గ్రీన్ కార్డు లైను తగ్గించే బిల్లు పెడతానని ఒక అమెరికా సెనెటరుగారు టీవీలో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగా నమ్మి, అద్దె హాల్లో మనవాళ్ళు చేసుకునే పూజలో ఆయన పేరున అర్చన చేయించాను. పంతులుగారు మామూలు రోజుల్లో సాఫ్ట్‌వేరు, శనివారం పంతులు. గోత్రం అడిగాడు. అవతల క్యూ పెరిగిపోతోంది, తొందరలో మా భారద్వాజస గోత్రమే చెప్పేశాను. నా వెనకే నిలబడ్డ కృష్ణ మూర్తిగారు ఊరుకుంటారా, అలాంటి బిల్లే పెడతానన్న తమ పార్టీ సెనెటరుకి తమ కౌండిన్యస గోత్రం ఇచ్చేశారు. ఇద్దరు సెనెటర్లకీ ప్రసాదం మేమే తిన్నాం. రెండు బిల్లులూ వీగిపోయాయి. కావున, గోత్రం ఇచ్చాను గదా అని సదరు సెనెటరుగారు గానీ, వారి సంతానం గానీ మా దాయాదులమంటూ ఆస్తిలో వాటా అడగరాదు. పక్షానికో మాటు తర్పణం వదులుతామన్నా ఒప్పుకోవద్దు. చేస్తామని చెప్పి చెయ్యరు.

6. మా షాపు పాత తాళంకప్ప అమెరికా చట్టసభవారికి. నేనూ మా తమ్ముడూ పోట్లాడుకున్నామని షాపు మూసేస్తే, మోటారు ఇచ్చిన రైతులు కర్రలు పట్టుకొచ్చేవారు. వీళ్ళు పోట్లాడుకుని ఏకంగా ప్రభుత్వాన్నే మూసేసి, తమ జీతాలు మాత్రం తీసుకుంటున్నారు. ఇవాళ కూడా మూసే ఉంది. వాళ్ళకంత బాగా వచ్చిన పనికి మా తాళం కూడా ఉపయోగపడనీ. ఇక్కడి నాయకులు ముత్యాలని నేననను. ఆసుపత్రిలో కుర్చీ దొరకదు, అద్దెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ తిడితే అందేంత దూరంలో ఉన్నారు. మా పక్కింటి రాబర్ట్ వాళ్ళ ఎంపీని చేపల దుకాణంలో నిలబెట్టి తిట్టాడు.

7. వెనక్కి వస్తున్నారో లేదో ఈ నెలాఖరులోగా చెప్పమని అమెరికాలో ధరణి పనిచేసిన ఆసుపత్రి అడిగింది. నేను ఉండమనలేదు. దేవుణ్ణి అడగడం కూడా మానేశాను, మళ్ళీ గోత్రం ఎవరికి చెప్పేస్తానోనని. సెప్టెంబరులో కిల్కెన్నీ బడిలో మంటలొస్తే బయటికి ఎలా రావాలో నేర్పడానికి గంట కొట్టారు. పిల్లలంతా వరసగా ఆవరణలోకి వెళ్ళారు. నవదీప్ కనబడలేదు. ధరణి ఫోనులో చెప్పింది: "బల్ల కిందకి దూరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడంట నాన్నా. అమెరికా బళ్ళో గంట కొడితే అలాగే దాక్కోమని నేర్పారు కదా. టీచరు వంగి పిలిస్తే, తుపాకీవాడు వెళ్ళిపోయాడా అని అడిగాడంట." ఆ మాట మీదే, "మేమింక వెళ్ళం" అంది.

అక్కడ బళ్ళో తుపాకీ పేలిన ప్రతిసారీ నాయకులు టీవీలో మా ప్రార్థనలు మీకున్నాయంటారు. అయ్యా, ప్రార్థనలు మేం చేస్తాం. గోత్రం అరువిచ్చి మరీ చేశాం. మీ పని మీరు చెయ్యండి.

పోయిన వారం మళ్ళీ గంట మోగిందట. మావాడు అందరికంటే ముందు బయటికి ఉరికాడట, చేతిలో సగం కొరికిన బిస్కట్టుతో. ఆ కబురు వినగానే నేను కూచున్నచోటే ఏడ్చి, లేచి ఈ కాగితం మొదలుపెట్టాను. చెవులు దీపావళికి కుట్టించాం, నా ఒళ్ళోనే. కొరికాడు కూడా, గుర్తు ఇంకా ఉంది.

8. కావున, ఇక్కడికొచ్చాక నా డబ్బుతో కొన్న ఒకే ఒక్క సామాను, మేమంతా అన్నం తినే చెక్క బల్ల, నవదీప్‌కి ఇస్తున్నాను. ఒక్కటే షరతు. దాగుడుమూతల ఆటలో తప్ప, దీని కిందకి ఏ పిల్లవాడూ దూరాల్సిన అవసరం రాకుండా చూసుకోవడం నా వారసులందరి బాధ్యత.

క్లోనీ, 2025 అక్టోబరు 26, ఆదివారం.

(సంతకం) కామేశ్వరరావు

సాక్షులు, ఇద్దరూ నా ఎదుటే సంతకం చేసినవారు:
రాబర్ట్, పక్కింటి ఆయన. సాక్షికి ఏమీ రాయకూడదన్నారు గనుక ఆవకాయ సీసా నిన్ననే ఇచ్చేశాను.
ఆమోసు, చక్రధర్ స్నేహితుడు. ఆయనకి ఏమీ ఇవ్వలేదు. భోజనానికి ఉంటున్నాడు.