బొమ్మ కళ్లు

నవంబర్ 3, సోమవారం
ఇరవై రెండేళ్లు కాజీపేట స్టేషన్ ముందు ఆటో నడిపాను. ఇప్పుడు ఒక కార్ల కంపెనీలో నడపకుండా కూర్చుంటే జీతం. కారు దానంతట అదే పోతుంది, దాని నెత్తిమీద బొంగరంలా ఏదో తిరుగుతుంటుంది. నా పని రోడ్డు చూడటం, అది తప్పు చేస్తే బ్రేకు తొక్కడం. నేను చూస్తున్నానో లేదో చూడటానికి నా మొహం ముందు ఒక కెమెరా. పక్కచూపు చూసినా, కన్ను మూసినా కీచుమని కీక పెడుతుంది. నా పెళ్లాం హెప్సిబా కూడా నన్ను ఇంత కాపలా కాయలేదు.

నవంబర్ 6
కెమెరాను బోల్తా కొట్టించాను! పాత చలువ అద్దాల మీద మా బిడ్డ షారోన్ గీసిన కాగితం కళ్లు అతికించి పెట్టుకున్నాను. ఆఫీసు ఆవరణలో కారు మెల్లగా తిరుగుతుంటే గుర్రు పెట్టాను. కీక లేదు. పక్క సీట్లో ల్యాప్‌టాప్ పట్టుకునే ఇంజనీరు ఉదయ్ కడుపు పట్టుకుని నవ్వాడు, వీడియో తీశాడు. యోసేపు కాకా, నువ్వు మామూలోనివి కాదే, కెమెరా గింత మొద్దుదని పెద్దసార్లకు చెప్తా అన్నాడు. మంచి పిల్లగాడు. నా చేపల పులుసు సగం వాడికే పెట్టాను.

నవంబర్ 11, సాయంత్రం
నర్సంపేట రోడ్డు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు, అంచుకు రాళ్లు. మొగిలమ్మ అనే ముసలమ్మ నడుం వంచి వడ్లు తిరగేస్తోంది. వంగిన మనిషి మనిషని కారుకు తెలియలేదు. లోపలి తెరమీద కుప్ప అని చూపించి మీదికే పోయింది. తొక్కాను బ్రేకు. గుడ్డి సచ్చినోడా, మనిషి కనవడ్తలేదా అని మొగిలమ్మ తిట్టింది. మళ్లీ తనే చాయ్ పోసింది.

ఉదయ్ మొహం మాడిపోయింది. నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా మన కారు స్కోరు పాడైతాంది కాకా, శుక్రవారం పెద్దసార్లు వస్తాండ్రు, జర రెండు సెకన్లు ఆగు, అదే ఆపుకుంటది అన్నాడు. ఆపుకోకపోతే అన్నాను. ఫికర్ ఎందుకే, నేను లేనా అన్నాడు.

నవంబర్ 12
రెండు సెకన్లంటే ఎంతో ఇంట్లో పలికి చూశాను. ఒక మనిషి పేరు, ఇంటిపేరుతో సహా పట్టింది.

నవంబర్ 13, గురువారం
ఆగాను.

అదే రోడ్డు, అదే మొగిలమ్మ. ఎర్రచీర, తలకు తువ్వాల, అన్నీ కనబడ్డాయి. తెరమీద మాత్రం కుప్ప. ఒకటి అనుకున్నాను. ఉదయ్ ఆగు కాకా ఆగు అంటూనే ఉన్నాడు. రెండు అనకముందే తొక్కాను, అయినా తగిలింది. ఆమె తొడ ఎముక విరిగింది. దవాఖానకు మోసింది నేనే. వడ్లలో ఆమె చెప్పు ఒక్కటి మిగిలింది.

నవంబర్ 17
మేనేజరు గది. ఉదయ్ ఫోన్ తీసి చూపించాడు. బొమ్మ కళ్లతో గుర్రు పెడుతున్న నేను. ఈ డ్రైవర్‌కు మొదటి నుంచి గిదే అలవాటు సార్ అన్నాడు. కాకా అనలేదు. డ్రైవర్.

ఆగమన్నది నువ్వే కదరా అన్నాను. నేనా, ఎప్పుడు అన్నాడు. ఆ కెమెరాకు కళ్లే ఉన్నాయి, చెవులు లేవు. సరే, గురువారం రికార్డు తీయండి, నేను రెప్ప కొట్టలేదు అన్నాను. కెమెరానే మోసం చేసేటోనివి, నీ కండ్లు నిజమైనవని ఎట్ల నమ్మాలె అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. బతుకంతా నేను నవ్వించినట్టే.

ఒక కాగితం ఇచ్చారు. కారులో తప్పు లేదు, నేనే నిద్రపోయాను అని. సంతకం పెడితే ఆఫీసులో వేరే పని ఇస్తారట. పెడితే కారు మళ్లీ అదే రోడ్డెక్కుతుంది.

నవంబర్ 19
దవాఖానలో మొగిలమ్మ అడిగింది. కన్ను మూతపడ్డదా బిడ్డా, పడితే చెప్పు, నిద్ర ఎవల చేతిల ఉంటది, మాఫ్ చేస్తా అంది.

చూస్తనే ఉన్న అవ్వా అన్నాను.

మొహం గోడవైపు తిప్పుకుంది.

నవంబర్ 20
కాగితం పంపేశాను. సంతకం పెట్టలేదు, ఆ చోట షారోన్ గీసిన కళ్లు రెండూ అతికించాను.