ఆల్బా వాళ్లమ్మకు చెప్పాలా, వద్దా

వాల్పరైసో,
ఆదివారం

నిబాల్దోకు,

ఫ్రేసియా రాస్తున్నాను. ఇక్కడ ముగ్గురం లేచి తిరుగుతున్నాం, ఎవరికీ జ్వరాలు లేవు. అక్కడ నీటి మీద నీకెలా ఉందో, దగ్గు తగ్గిందో లేదో రాయి. నీటి మధ్య చేపలు పెంచే మీ వలల గూళ్ల దగ్గర ఫోన్ అందదు కాబట్టి ఈ ఉత్తరం సరుకుల లాంచీలో ఎప్పుడు చేరుతుందో తెలియదు. చేరగానే కూర్చుని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి పైకప్పు రేకు మార్పించాను. మొన్న ఉత్తర దిక్కు గాలితో కురిసిన వానకు చుక్క కూడా కారలేదు. మీ అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోంది, నేను నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితేనే. ఫార్మసీలో నన్ను పొద్దుటి షిఫ్టుకు మార్చారు.

ఇక మన పిల్ల రాయేన్ సంగతి. "రేవుకొచ్చి పిల్లకు ఎప్పుడు ఫోన్ చేసినా ఇంకెవరితోనో మాట్లాడుతోంది, కళ్లు తెరుచుకుని ఉండు" అని రాశావు. నా కళ్లు ఎప్పుడు మూసుకున్నాయి గనక? మందుల చీటీ కౌంటర్ మీద పెట్టగానే ఆ మందు నిజంగా ఎవరి కోసమో కనిపెట్టేదాన్ని నేను. నువ్వు చెప్పకముందే పిల్ల మీద కన్నేసి ఉంచాను.

అది తిండి తగ్గించింది. బల్ల దగ్గర ఫోన్ బోర్లించి పెడుతోంది. శనివారాలు చదువుకోవడానికని కోర్దియెరా కొండకు వెళ్తోంది, పుస్తకాల సంచీ మాత్రం గోడకే వేలాడుతోంది. ఒకరోజు స్నానాల గది తలుపు వెనక నుంచి దాని మాట వినపడింది. "వాళ్లమ్మకు తెలిస్తే ఇల్లు కూలిపోతుంది" అంటోంది. ఫార్మసీలో పనిచేసేదాన్ని, నా బుర్ర ఎటు పరిగెత్తిందో నీకు చెప్పనక్కర్లేదు. ఎవడు వాడు, ఎన్నో నెల అని నాలో నేనే లెక్కలు కట్టుకున్నాను.

అది బయటికి రాగానే ఫోన్ లాక్కున్నాను. అందులో ఏ అబ్బాయీ లేడు. ఒక కథ ఉంది, దాన్నే పైకి చదువుకుంటోందట. ఇంటర్నెట్‌లో ప్రతి శుక్రవారం ఒక భాగం చొప్పున వచ్చే ధారావాహిక, పేరు "భుజం మీది ఊరు". "వట్టి కథేనమ్మా, చాలామంది చదువుతారు" అని పిల్ల ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది. వట్టి కథకు తిండి మానేస్తారా? నమ్మలేదు. మర్నాడు కౌంటర్ కింద నా ఫోన్ పెట్టుకుని మొదటి భాగం నుంచి చదవడం మొదలుపెట్టాను, సాక్ష్యం కోసం.

ఆల్బా అనే అమ్మాయి మన ఊళ్లాంటి ఊళ్లో కొండ ఎక్కించే లిఫ్టు దగ్గర టికెట్లు ఇస్తుంటుంది. ఎంత బరువైనా ఎత్తగలదు. ముసుగు లేదు, ఎగరడం లేదు. మొదట నవ్వొచ్చింది. కానీ ఎవరిని మోస్తే వాళ్ల దిగులు ఆమెకు అంటుకుంటుంది, వారం పాటు వదలదు. ఒకసారి లోయలోకి జారుతున్న బస్సును ఆపుతుంది. ఆ ఘట్టం నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. తర్వాత భాగమంతా ఆమె ఇంట్లో రొట్టె ముక్క మింగలేక కూర్చోవడమే. డ్రైవర్ భార్యకు ఏదో పరీక్ష జరిగింది, ఫలితం రాలేదు, ఆ భయం ఆల్బాకు అంటుకుంది. చివరికి ఆ భార్య ఎలా ఉందో చూద్దామని వాళ్ల వీధి చివర వెళ్లి నిలబడుతుంది, లోపలికి వెళ్లదు. కౌంటర్ అవతల ఒకాయన దగ్గు మందు అడుగుతున్నాడు, నేను తల దించి కళ్లు తుడుచుకుంటున్నాను. అందులో ఒక దుష్టుడు కూడా ఉన్నాడు, సీరో. మనుషుల దిగుళ్లు తీసేస్తాడు. వాళ్లు హాయిగా నవ్వుకుంటూ బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవడం మరిచిపోతారు. వాడంటే కూడా జాలేసింది.

ప్రతి భాగం కింద జనం రాసే మాటలు కథ కంటే పొడుగు. ఆల్బా నిన్న సరిగా తినలేదని ఒకరు, సీరోకు ఇంకో అవకాశం ఇవ్వాలని ఒకరు. సొంత మేనకోడలి గురించి మాట్లాడుకున్నట్టు పోట్లాడుకుంటారు.

అప్పుడే ఆల్బా తల్లి వచ్చింది కథలోకి. పేరు బెర్తా. మొగుడు దక్షిణాన పడవల మీద పని చేసి ఇంటికొస్తే గుమ్మంలోనే ఆపి అంటుంది: "ఆ సముద్రాన్ని బయటే విప్పేసి రా." ఉతికేముందు జేబులు వెతుకుతుంది. కాలరు వాసన చూస్తుంది. చదివేవాళ్లు ఆమెకు 'పోలీసు బెర్తా' అని పేరు పెట్టారు.

నిబాల్దో, ఆ మాట ఈ భూమ్మీద నేను తప్ప ఎవరూ అనలేదు. నీతో అన్నాను, మన గుమ్మంలో. నా ఒళ్లు మండిపోయింది. రాసేది రాయేనే, మన ఇంటిని నలుగురి ముందు ఆరబెడుతోంది అనుకున్నాను. రచయిత పేరేమో ఎవరిదో తెలియని మారుపేరు. పిల్లను అడిగితే బొంకుతుందని, ఆ శనివారం దాని వెనకే వెళ్లాను.

సైకిళ్లు బాగుచేసే దుకాణం మీద ఒక గది. ఆ కథ చదివేవాళ్లు అక్కడ కూడతారట. లోపల డజను మంది ఉన్నారు, వయసుకు పొంతన లేదు. కిటికీ పక్కన రాయేన్. నన్ను చూసి దాని ముఖం పాలిపోయింది. "నేనూ చదువుతాను" అన్నాను గుమ్మంలోనే. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన ఒనోఫ్రె అనే పెద్దాయన కుర్చీ జరిపి టీ పోశాడు. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే హసింతా అనే పిల్ల ఆల్బాలాగే నీలం టోపీ పెట్టుకుని ఉంది. నేను ఎవరో వాళ్లకు తెలియదు.

ఆ ముందురోజు వచ్చిన భాగం నేను చదవలేదు, షిఫ్టు అయ్యాక కూడా దుకాణంలో సరుకు సర్దేసరికి పొద్దుపోయింది. వాళ్ల నోటే విన్నాను. ఆల్బా వాళ్ల నాన్న పడవ తిరగబడిందట. ఆల్బా ఆయన్ని భుజాన వేసుకుని ఒడ్డుకు తెచ్చిందట. ఆయన దిగులు ఈమెకు అంటుకుంది. ఆ దిగులు తన ప్రాణం గురించి కాదు, బెర్తా గురించీ కాదు. దక్షిణాన ఒక రేవులో జ్వరంతో పడుకున్న చిన్న పిల్లవాడి గురించి. వాడు ఆయన్ని నాన్నా అని పిలుస్తాడు.

"చెప్పకూడదు" అంది హసింతా. "ఆ బెర్తాకు చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. అసలే పోలీసు."

"నవ్వండి, నవ్వండి" అన్నాడు ఒనోఫ్రె. "ఇన్నేళ్లూ ఆవిడకు వచ్చిన వాసన అబద్ధం కాదుగా. జేబులు వెతికి ఏమీ దొరక్కపోతే మనిషి ఏం చేస్తుంది? నాకే పిచ్చి అని తన్ను తాను తిట్టుకుంటుంది. ఇప్పుడు కూతురు కూడా నోరు కుట్టేసుకుంటే, ఆవిడకు పిచ్చేనని ముద్ర వేసినట్టే."

"మరి ఇల్లు కూలితే?"

"కూలితే ఎత్తుతుంది లేమ్మా. దానికేగా ఆ పిల్లకు అంత బలం."

అందరూ నవ్వారు. హసింతా నా వైపు తిరిగి, "మీరేమంటారండీ?" అంది.

"ఆ పిల్ల ఎలా ఉంది?" అన్నాను. "ఆల్బా. మోసుకొచ్చిన తర్వాత."

"తిండి మానేసింది. వాళ్లమ్మ ముఖం చూడలేకపోతోంది."

నేను కిటికీ వైపు చూశాను. రాయేన్ టీ కప్పులోకి చూస్తోంది.

ఇద్దరం కొండ మెట్లు సగం దిగాం. తర్వాత అడిగాను. "నువ్వేనా రాసేది?"

"నేను టైపు చేస్తానంతే అమ్మా. చెప్పేది నానమ్మ."

అవును, మీ అమ్మ. టాబ్లెట్‌లో పేకాట ఆడుకుంటోందని మనం అనుకునే ఎదెల్మీరా. పిల్ల కాలు విరిగి మంచం మీద ఉన్న ఏడాది, దాన్ని కదలకుండా కూర్చోబెట్టడానికి మొదలుపెట్టిందట ఆ కథ. ఆవిడ చేతులు వణుకుతాయి కదా, అందుకని పిల్ల టైపు చేస్తుంది.

ఇంటికి వెళ్లేసరికి ఆవిడ సాయంత్రం టీకి కూర్చుని రొట్టె మీద అవకాడో నలుపుతోంది. నా ముఖం చూసి చాకు పక్కన పెట్టింది.

"చదివావా?"

"విన్నాను."

"ఎలా ఉంది?" అంది, రచయిత కదా మరి.

"అత్తయ్యా, ఆ పిల్లవాడు ఎవరు?"

రొట్టె నా వైపు జరిపింది. తర్వాత చెప్పింది. పోయిన చలికాలంలో తన చెల్లెలు చనిపోయినప్పుడు దక్షిణాన కీయోన్ రేవుకు వెళ్లింది కదా. నువ్వు షిఫ్టు వదిలి రాలేనని కబురు పంపావు. అంత్యక్రియలు అయిన మర్నాడు చేపల బజారు దగ్గర నిన్ను చూసిందట. నీ మెడ మీద ఒక చంటివాడు నీ జుట్టు పట్టుకుని కూర్చున్నాడట, పక్కన బుట్టతో ఒక ఆడమనిషి. "ఎత్తుకున్నవాడు నా కొడుకు కాకపోయుంటే, ముచ్చటేసి నిలబడి చూసేదాన్ని" అంది మీ అమ్మ.

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"నోటితో రాలేదమ్మాయ్. నీకు చెప్పలేక బెర్తాకు చెబుదామనుకున్నాను. కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని నువ్వు ఏడుస్తున్నావని మీ దుకాణం పిల్ల చెప్పింది. చదువుతావని తెలిశాకే ఆ భాగం బయటికి వదిలాను."

"మరి దీనికెందుకు చెప్పారు? దీని భుజాల మీద ఎందుకు పెట్టారు?" అన్నాను రాయేన్‌ను చూపించి.

"కీయోన్ నుంచి రాగానే చెప్పాను, కథే అనుకుని టైపు చేస్తుందనుకున్నా. సగంలో ఏడవడం మొదలుపెట్టింది. అది తప్పే" అంది ఆవిడ.

రాయేన్ వచ్చి నా పక్కన కూర్చుంది. ఎంతకాలం నుంచి అది నన్ను తప్పించుకు తిరుగుతోందో అప్పుడు తెలిసింది. నేనేమో ఎవడో కుర్రాడి కోసం వెతుకుతున్నాను. వెతకమని నన్ను పంపింది నువ్వు. పిల్ల మీద కన్నేసి ఉంచమని రాసేటప్పుడు నీ చెయ్యి ఒక్కసారైనా ఆగిందా?

మొన్న గురువారం తర్వాతి భాగం రాయడానికి వాళ్లిద్దరూ కూర్చుంటే నేనూ కూర్చున్నాను. ఆల్బా వాళ్లమ్మకు చెప్పేస్తుంది. ఆ తర్వాత బెర్తా ఏమనాలో మీ అమ్మకు తోచలేదు. ఇద్దరూ నా ముఖం చూశారు. బెర్తా చేత కప్పులు పగలగొట్టిస్తాననుకున్నారేమో. నేను చెప్పిందే రాయేన్ టైపు చేసింది: బెర్తా కూతురి భుజం నిమిరి, "దించెయ్ తల్లీ, ఇది నీ బరువు కాదు" అంటుంది. కాసేపాగి, "ఆ బాబుకు జ్వరం తగ్గిందా?" అని అడుగుతుంది. శుక్రవారం అది వచ్చాక కింద ఎవరూ పోలీసు అని రాయలేదు. పిల్ల రెండు రొట్టెలు తిని పడుకుంది.

వాళ్లిద్దరికీ చెప్పనిది ఒకటి ఉంది, నీకు చెబుతున్నాను. కిందటిసారి నువ్వు వచ్చినప్పుడు నీ సంచీ అడుగున చిన్న ఉన్ని మేజోడు దొరికింది, నా బొటనవేలంత. ఇంజను తుడిచే గుడ్డల్లో వచ్చిందన్నావు. నేను నమ్మలేదు. నమ్మినట్టు తలాడించి, దాన్ని ఉతికి, ఆరబెట్టి, మళ్లీ సంచీలోనే పెట్టాను. దాని జోడు ఎక్కడో ఒక పిల్లవాడి కాలికి ఉంటుందని తెలిసే పెట్టాను. తెలిసి కూడా అడగలేదు. అడిగితే నువ్వు నిజం చెబుతావని భయపడ్డాను.

ఇప్పుడు ఆ భయం లేదు. నువ్వు ఈ ఇంటికి రావాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు, తేల్చుకున్నాక రాస్తాను. మీ అమ్మ ఇక్కడే ఉంటుంది, ఆవిడ మాత్రల పూచీ నాది. సంజాయిషీలు రాయకు. ఆమె ఎవరో, ఎలా మొదలైందో ఈ ఉత్తరానికి జవాబులో వద్దు. రాయేన్ ఒక్కటే అడుగుతోంది. దానికి తమ్ముడున్నాడట, వాడి పేరు తెలియదట. వచ్చే లాంచీలో ఆ పేరు రాసి పంపు. మీ అమ్మకు కాదు, నాకు కాదు, రాయేన్ పేరున పంపు.

ఇట్లు,
రాయేన్ వాళ్లమ్మ,
ఫ్రేసియా