పిట్ట నేసిన తువ్వాలు

చిరంజీవి బావమరిదికి,

ఆగిపోయిన మగ్గం పక్కన కూర్చుని నీ బావ రాస్తున్న ఆశీస్సులు.

ఇక్కడంతా క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మీ మిల్లు గుడ్డ సంతకొచ్చాక నా గుడ్డను తడిమి చూసే నాథుడు లేడు. మొన్న ఒకావిడ తడిమితే నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే ఆవిడ చెయ్యి తుడుచుకుంటోంది.

అసలు సంగతికి వస్తాను. మా పిట్టను వానలకు ముందు నీ వెంట పంపాను. వానలూ వెళ్ళిపోయాయి. తొమ్మిదేళ్ళయినా నిండని పిల్ల. "మిల్లు పని నేర్పించి పంపుతాను బావా, మళ్ళీ మీ ఇల్లు నిలబడుతుంది" అన్నావని పంపాను గానీ, లేకపోతే మీ అక్క దాన్ని గుమ్మం దాటనిచ్చేదా?

మా పనిలో పద్ధతి నీకు తెలియంది కాదు. పని నేర్చుకున్న పిల్ల మొదటి పోగు నుంచి చివరి అంచు దాకా తనే ఒక గుడ్డ నేస్తుంది. నేర్పినవాడు ఆ మొదటి గుడ్డను కన్నవాళ్ళకు పంపుతాడు. ఆ వెనకే పిల్లను కూడా ఇంటికి పంపుతాడు. మరి పిట్ట గుడ్డ ఎంతదాకా వచ్చింది?

ఇట్లు,
నీ బావ

తా.క.: పిట్టకు రోజూ తల ఎవరు దువ్వుతున్నారని మీ అక్క అడగమంది.

*

పూజ్యులైన బావగారికి,

మిషన్ల రొదలో ఒక చెవి మూసుకుని మీ బావమరిది చేస్తున్న నమస్కారాలు.

మీరు దిగులు పడకండి బావా. పిట్ట పని నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది! వచ్చిన రోజు పొద్దున మిల్లు కూత కూసేసరికి ఏమీ తెలీదు, మధ్యాహ్నం కూతకల్లా పని మొత్తం వచ్చేసింది. తెగిన పోగుకు ముడి వెయ్యడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. పెద్దవాళ్ళకు చస్తే రాని పని. మిషన్ల కింద ఎంత సందయినా ఇట్టే దూరి అట్టే వచ్చేస్తుంది. మా మేనేజరు పిల్లలెవరినీ పేరు పెట్టి పిలవడు, దీన్ని మాత్రం "ఏయ్, పొట్టిదానా" అని పిలుస్తాడు. అంత అభిమానం.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: తల దువ్వే బాధ లేదని అక్కతో చెప్పండి. ఇక్కడ ఆడపిల్లలందరికీ జుట్టు కత్తిరించేశాం. మిషన్లో జుట్టు చిక్కుకుంటే మిషను ఆపాల్సి వస్తుంది.

*

చిరంజీవి బావమరిదికి,

నోరెళ్ళబెట్టి ఇంకా మూయని నీ బావ ఆశీస్సులు.

ఒక్క పూటలోనా! మా నాన్న దగ్గర నాకు ఏళ్ళు పట్టింది, ఆ దెబ్బలకు వీపు ఇప్పటికీ చలికాలంలో సలుపుతుంది. నా కూతురు నన్ను మించిందంటే నాకంటే సంతోషించేవాడెవడు? కానీ ఒరేయ్, పని మొత్తం వచ్చేసిందంటావు, గుడ్డ ఊసెత్తవు. వంట వచ్చింది గానీ అన్నం లేదన్నట్టుంది నీ వరస. నీకు తీరిక లేకపోతే చెప్పు, నేనే వచ్చి దాని పక్కన కూర్చుని నేయిస్తాను.

ఇట్లు,
నీ బావ

తా.క.: జుట్టు సంగతి విని మీ అక్క ఏడ్చింది. పిల్లను కాపాడ్డానికి మిషను ఆపాలి గానీ, మిషను ఆగకుండా పిల్లకు గుండు కొడతారా అంటోంది. నీకు యంత్రాల సంగతి ఏం తెలుసులే అని కసిరాను. నాకూ ముద్ద దిగలేదు.

*

పూజ్యులైన బావగారికి,

పరుగు పరుగున మీ బావమరిది నమస్కారాలు.

మీరు రావద్దు! మా గేటు కాపలావాడికి కన్నవాళ్ళను చూస్తే ఒళ్ళు మంట. ఇదిగో, మీరడిగింది ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. తువ్వాలు. పిట్టదే. చూసి ఆనందించండి.

ఇక పిల్లను పంపడం అంటారా, నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఒక పిల్ల పోవాలంటే బదులు ఇంకో పిల్ల రావాలని మేనేజరు తెగేసి చెప్పాడు. నా చేతిలో ఏముంది బావా? నేను మేస్త్రీనే గానీ, ఆ మేనేజరు ముందు కుక్కిన పేనుని.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: తువ్వాలు ఉతకొద్దని పిట్ట మరీ మరీ చెప్పింది. ఉతికితే ముడుచుకుపోయి సగమవుతుంది.

*

చిరంజీవి బావమరిదికి,

వీధంతా తలెత్తుకు తిరుగుతున్న నీ బావ ఆశీస్సులు.

తువ్వాలు అందిందిరా! సంతలో చూసినప్పుడల్లా నేను తిట్టుకునే గుడ్డ లాంటిదే. నా కూతురి చేతిదని తెలిసి చూస్తే కళ్ళు చాలలేదు. ఎండకు పట్టి చూశాను. ఒక పోగు ఎక్కువ లేదు, ఒక పోగు తక్కువ లేదు, అంచు ఎక్కడా వంకరపోలేదు. ఇన్నేళ్ళు నేసీ నేను ఇంత తిన్నగా ఒక్క గుడ్డ నేయలేదు. సంతోషంతో ఏడ్చాను, సిగ్గుతోనూ ఏడ్చాను.

ఊరుకుంటానా? ఇంటింటికీ తిప్పి చూపించాను. ఎదురింటి రంగులద్దే ఆయన "మా వాడికీ ఆ విద్య చెప్పించు మహానుభావా" అని నా చేతులు పట్టుకున్నాడు. నూలు వడికే ముసలమ్మ మనవరాలిని తెచ్చి నా ముందు నిలబెట్టింది. బదులు ఒక పిల్ల కావాలన్నావుగా? ఇంటికొకరిని బండెక్కించాను. వీధి వీధంతా వస్తోంది, దించుకో. ఇక పిట్టను పంపెయ్.

ఇట్లు,
నీ బావ

తా.క.: మీ అక్క తువ్వాలు వాసన చూసి, "ఇందులో మన పిట్ట లేదు" అంది. జలుబు చేసి ఉంటుందిలే అన్నాను.

*

పూజ్యులైన బావగారికి,

పెద్ద మేస్త్రీ అయిన మీ బావమరిది నమస్కారాలు.

అవును బావా, పెద్ద మేస్త్రీని చేశారు! ఇంతమంది పిల్లల్ని ఒక్కసారి తెచ్చినవాడు మిల్లులో లేడట. రంగులద్దే ఆయన కొడుకే కాస్త పొడుగు. వంగి నడవమన్నాం, అలవాటైపోతుంది. పిట్టకు ఈ ఉత్తరం ఇచ్చి బండెక్కిస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: పిట్టతో మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడి గట్టిగా అరవండి. వెనక నుంచి పిలిస్తే లాభం లేదు.

*

బావమరిదికి,

చెయ్యి రాక ఆశీస్సులు రాయడం లేదు.

పిట్ట వచ్చింది. బండి దిగి అటు తిరిగి నిలబడింది. వాళ్ళమ్మ పిలిచింది, నేను పిలిచాను, వీధంతా పిలిచింది. అది తిరగలేదు. ముందుకెళ్ళి నిలబడితే అప్పుడు నవ్వింది.

తువ్వాలు చూపించి "నువ్వు నేసిందే తల్లీ" అని అరిచాను. "నేనా? అక్కడ గుడ్డ ఎక్కడుంది నాన్నా, అంతా దారమేగా" అంది. తీసుకెళ్ళి మగ్గం ముందు కూర్చోబెట్టాను. దిగి మగ్గం కిందికి దూరింది. బోర్లా పడుకుని పైకి చూస్తూ, పోగు ఎప్పుడు తెగుతుందా అని కాచుకుంది. మగ్గం ఆగి ఉందమ్మా అంటే దానికి వినిపించదు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. చివరికి నేనే కిందికి దూరి దాని పక్కన పడుకున్నాను.

నిన్ను కడుపారా తిట్టాలని కాగితం తీశాను. నిన్ను తిడితే నన్నెవరు తిడతారు? మీ అక్క తిట్టడం మానేసింది, అసలు మాట్లాడటమే మానేసింది.

రంగులద్దే ఆయన పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు. "మా వాడి గుడ్డ ఎప్పుడొస్తుంది?" అంటాడు. ముసలమ్మ సాయంత్రం వస్తుంది, అదే మాట. నిజం చెబుదామని నోరు తెరుస్తాను. చెబితే వాళ్ళు పిల్లల కోసం పరుగెత్తుకొస్తారు. వాళ్ళ పిల్లలు వెనక్కొస్తే మీ మేనేజరు పిట్టను రమ్మంటాడు. నోరు మూసుకుంటాను.

అందుకని బావమరిదీ, ఇంటికొకటి చొప్పున తువ్వాళ్ళు పంపు. తొందరగా పంపు.

ఇట్లు,
పిట్ట నాన్న

తా.క.: అన్నీ ఒకే అచ్చు పోసినట్టుంటే ఎవరైనా పట్టేస్తారు. నువ్వేం చెయ్యకు, అలాగే పంపు. ఒకదాని అంచు వంకర చేసి, ఒకదాంట్లో పోగు తెంపి, పిల్లల చేతిపని పోలిక నేనే తెస్తాను. ఇప్పటికి నాకు దొరికిన పని ఇదే.