మామగారు స్టాండెక్కిన సంగతి

తేదీ 14, ఆదివారం
షాపు సెలవు

మా ఇంటి ఇంజనీరు గారికి,

టైలరు రాసేది. ఇక్కడ నేనూ, కుట్టు మిషనూ, పక్క వీధిలో మా అక్కా, ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ, నీ పాలిటెక్నిక్కూ, నీ దగ్గర స్పానర్ పట్టుకోవడం నేర్చుకుంటున్న పిల్లలూ క్షేమమని తలుస్తాను. నీ జలుబు తగ్గిందో లేదో ఫోన్లో నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటి అంటావు. రోజూ సాయంత్రం నువ్వు చేస్తూనే ఉన్నావు, కాదనను. కానీ ఇవాళ ఏం చేశారు, రేపు ఏం చెయ్యాలి, సరే ఉంటాను, ఇంతే కదా మన మాటలు. డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి అప్పగింతలు పెట్టినట్టు ఉంటుంది. నువ్వు లేనన్నాళ్ళూ కారు పాడవకుండా మూసిపెట్టే పని పోయిన వారం పూర్తయింది. అంతా ఒకచోట రాసి పంపిస్తే పద్ధతిగా ఉంటుందని కూర్చున్నాను.

కారుని మామగారు అనొద్దని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా నా నోటికి అదే వస్తుంది. మీ నాన్న పోయి ఇన్నేళ్ళయినా ఆయన కారు నన్ను చూసే తీరు మారలేదు. ఆయన కూతుర్ని డ్రైవింగు సీట్లో కూర్చోబెట్టి, నేను పక్క సీట్లో సంచీ పట్టుకుని కూర్చుంటానన్న కోపం దానికింకా ఉన్నట్టుంది. కాబట్టి ఈ ఉత్తరంలో కూడా మామగారే. కావాలంటే వచ్చాక తిట్టు.

ముందుగా స్నానం. గ్రీజు బాబాయి పొద్దున్నే వస్తానని చెప్పి ఎండెక్కాక వచ్చాడు. మీ నాన్న రోజుల నుంచీ ఆ కారు మీద ఆయన తప్ప ఇంకో మెకానిక్ చెయ్యి పడలేదు కదా, ఆ గీర అంతా ఇంతా కాదు. నన్ను బకెట్లు మోయడానికి పెట్టుకున్నాడు. పైన కడిగితే చాలదు, మడ్‌గార్డుల లోపల పేరుకున్న మట్టి పోవాలి, అదే తేమ పట్టి రేకుని తినేస్తుంది అన్నాడు. బోర్లా పడుకుని చెయ్యి పెట్టి గీకాను. మామగారికి నేను చేసిన మొదటి సేవ అదే అనుకుంటా. ఆరాక మైనం పూసి తుడిచాను. తుడవడంలో మాత్రం బాబాయి నాకు వంక పెట్టలేకపోయాడు.

తర్వాత ఇంజన్ ఆయిలు మార్చాం. పాత నూనె అలాగే ఉంటే లోపల ఇనుముని కొరుకుతుందని నువ్వు చెప్పావు, బాబాయి కూడా అదే చెప్పాడు. బ్యాటరీ ఊడదీసి వంటింటి పక్క గదిలో చెక్క మీద పెట్టాను. నెలకోసారి ఛార్జింగు పెట్టమన్నావు, పెడతాను. సైలెన్సరు గొట్టంలోకి ఎలుకలు దూరకుండా ఇనప జాలీ కుక్కాం. ఇంతవరకూ అన్నీ సవ్యంగానే నడిచాయి. బాబాయి ఈల వేసుకుంటూ పనిచేశాడు.

ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కాస్త కాస్త నూనె పొయ్యమని నువ్వు ఫోన్లో చెప్పిన రోజు ఈల ఆగింది. పోశాడు, పోసి ఇంజన్ని చేత్తో తిప్పాడు. మర్నాడు క్లచ్ పెడల్ నొక్కి పెట్టి కదలకుండా కర్ర ఊతం పెట్టమన్నావు. లేకపోతే ప్లేటు అంటుకుపోతుందన్నావు. ఆ మర్నాడు చక్రాలు నేలకి ఆనకుండా స్టాండ్లెక్కించమన్నావు. ఆ తర్వాత ట్యాంకులో చుక్క కూడా లేకుండా పెట్రోలు తీసెయ్యమన్నావు. ఈ నాలుగో మాట చెప్పగానే బాబాయి చేతిలో స్పానర్ కింద పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుని, అమ్మాయి ఆరు నెలలకే కదా వెళ్ళింది అని అడిగాడు.

అవును, తాత్కాలికపు పోస్టు, ఆరు నెలలే అన్నాను.

బాబాయి మెల్లిగా చెప్పాడు. నెలల మీద పెట్టే బండికి ట్యాంకు నిండా పోసి, చెడకుండా మందు కలిపి వదిలేస్తారట. నిండుగా ఉంటే లోపల తేమకి చోటుండదట. ట్యాంకు ఎండబెట్టేదీ, క్లచ్‌కి కర్ర పెట్టేదీ, ఏళ్ళ మీద పెట్టే బండికట. మీ అమ్మాయికి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు, తెలియక చెప్పలేదు అన్నాడు. మీ అమ్మాయి అని నాతో అనడమేమిటో, కంగారులో మాట తడబడ్డాడు పాపం.

నేను మాత్రం, మా ఆవిడకి ముందు జాగ్రత్త ఎక్కువ, వానాకాలం గొడుగు ఎండాకాలంలోనే బాగుచేయించే రకం అన్నాను. ఆయన నవ్వలేదు. నువ్వు చెప్పినట్టే ట్యాంకు ఖాళీ చేశాం. గొట్టం పెట్టి డబ్బాలోకి దింపితే చివర తుప్పు రంగులో కాస్త వచ్చింది. ఆ పెట్రోలు బాబాయి పట్టుకెళ్ళాడు.

ఈ విషయం మా అక్కకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. నీకు తెలుసుగా ఆవిడ సంగతి, వడ్డించేటప్పుడు అడిగితే నేను ఏదీ దాచలేను. గరిటె గిన్నెలో పడేసి నన్ను దులిపేసింది. వెళ్ళనా అని అడిగిన పెళ్ళానికి నీ ఇష్టం అంటావుట్రా, పంట్లాం పొడుగెంత పెట్టాలో అడుగుతున్న మనిషా అది అంది. మరదలు నాకంటే చిన్నదైనా నీకంటే నయం, కనీసం వెళ్తున్నానని చెప్పి వెళ్ళింది, నువ్వు పదేళ్ళుగా ఇంట్లోనే ఉండి ఎక్కడికి వెళ్ళావో ఎవరికీ తెలియదు అంది. మా ఆవిడ తరఫున వకాల్తా పుచ్చుకోమని నిన్నెవరూ అడగలేదు అన్నాను. ఇంకో గరిటె వడ్డించింది. నేను తిన్నాను.

క్లచ్‌కి కర్ర పెట్టే పని నాకే పడింది, బాబాయికి నడుం వంగడం లేదు. అందుకోసం మొదటిసారి డ్రైవింగు సీట్లో కూర్చున్నాను. నీ కాళ్ళ పొడుగుకి ముందుకి జరిపి ఉందేమో, నా మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. జరుపుకోమని బాబాయి మీట చూపించాడు. వంకరగానే కూర్చుని పని కానిచ్చాను. సీటు ఎలా ఉన్నదో అలాగే ఉంది. హ్యాండ్ బ్రేకు నువ్వు చెప్పినట్టే దించి ఉంచాం. వేసి వదిలేస్తే పట్టుకుపోతుందిట, తర్వాత ఎంత లాగినా రాదుట. అంతకాలం వదిలేసేవాళ్ళకి గట్టిగా పట్టుకోవడం కూడా పనికిరాదన్నమాట. నాకు ఈ శాస్త్రం కొత్త.

ఇక తొడుగు. ప్లాస్టిక్‌ది కొనొద్దు, లోపల చెమట పడుతుంది, నూలుది కావాలి అన్నావు. కొనడమెందుకు, నేనున్నది దేనికి. మీ నాన్న బతికున్నన్నాళ్ళూ చొక్కా కూడా నా దగ్గర కుట్టించుకోలేదు. అల్లుడి చేత కొలతలు తీయించుకోవడం నామోషీ అనేవారు, అసలు కారణం నా కుట్టు మీద నమ్మకం లేకపోవడం. ఇప్పుడు టేపు పట్టుకుని ముక్కు నుంచి తోక దాకా తీరిగ్గా కొలిచాను. ఏమీ అనలేదు. మందపాటి తెల్ల నూలు, లోపలి వైపు మెత్తటి అస్తరు, అద్దాల దగ్గర విడిగా జేబులు, కింద నాడా. రెండు పెళ్ళి సూట్లు వాయిదా వేసి కుట్టాను. తొడిగాక ఎక్కడా ముడత లేదు. బాబాయి చుట్టూ తిరిగి చూసి, బాగుంది అని మాత్రం అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం ఎంత కష్టమో నీకు తెలుసు. నాకు సంతోషం వేసింది. అది వెంటనే నీకు చెప్పాలనిపించింది కానీ, ఆ సాయంత్రం ఫోన్లో నువ్వు తొడుగు అయిందా అన్నావు, నేను అయింది అన్నాను.

షెడ్డు తలుపు వేసేశాం. తాళం నా దగ్గర ఉంది. మధ్య మధ్య వెళ్ళి ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని బాబాయి కూడా గట్టిగా చెప్పాడు. నాకు స్టార్ట్ చెయ్యడం వస్తే కదా అన్నాను. రోజూ షాపు నుంచి వస్తూ ఓసారి తాళం తీసి చూసి వస్తున్నాను, ఎలుకల కోసం. ఇప్పటిదాకా ఏమీ లేవు.

ఇల్లు బాగానే ఉంది. నీ వైపు బల్బు పోతే మార్చాను. నువ్వు వదిలేసి వెళ్ళిన నీలం జాకెట్టు మోచేతి దగ్గర చిరిగి ఉంటే రఫూ చేసి బీరువాలో పెట్టాను. పంపమంటే పంపిస్తాను. ఎన్నాళ్ళకి అని బాబాయి అడిగిన ప్రశ్న నేను నిన్ను అడగను. నువ్వు చెప్పదలుచుకుంటే చెబుతావు. మిగతా వార్తలు ఏమీ లేవు.

ఇట్లు,
నీ టైలరు

తా.క. పైన ఒక్క చోట నిజం సగమే రాశాను. ట్యాంకు ఖాళీ చేశాం అన్నది నిజం. ఇప్పుడు ఖాళీగా లేదు. మర్నాడు షాపు తెరవకుండా సైకిలుకి క్యాన్లు కట్టుకుని, బంకుకీ ఇంటికీ తిరిగి, మూతి దాకా నేనే పోశాను. సగం నా పంట్లాం తాగింది. బాబాయికి చెబితే తల కొట్టుకుని, చెడకుండా కలిపే మందు సీసా తెచ్చి ఇచ్చాడు. దాంతో ఏడాది ఆగుతుందిట, ఆపైన జిగురైపోతుందిట. ఆయన్ని ఏమీ అనకు, ఇది నేను చేసిన పని. గుమ్మంలో సంచీ పట్టుకుని ఆరు నెలలు అన్నది నువ్వే, ఫోన్లో ఏళ్ళ మీద పెట్టే పని చెప్పిందీ నువ్వే. రెండిట్లో నేను గుమ్మంలో మాటే నమ్మి పెట్రోలు పోశాను. తప్పయితే రాయి, మళ్ళీ తోడేస్తాను. కానీ నాకు నువ్వు రావాలని ఉంది. ఈ ఒక్క ముక్క ఫోన్లో అనలేక కారు గురించి ఇంత రాశాను.