ఐదువందల రెట్ల పెట్టె

అన్నయ్యా, కలహారీలో నేను కులాసా. కోపమే ఇంకా దిగలేదు.

నువ్వు పంపిన టెలిస్కోపు పెట్టె మీద ఐదువందల రెట్లు అని ఉంది. గొట్టం మూతి మూడు వేళ్ల వెడల్పే. నూట ఇరవై రెట్లు దాటితే అంతా మసక. ఎంత చెప్పినా మా హెడ్మాస్టరు సెయాబెలో గారు వినలేదు. నిన్న పొద్దుగూకగానే ఊరివాళ్ల ముందు, అన్నిటికంటే ఎక్కువ పెద్దగా చూపే కంటి కటకం తానే బిగించి, దికెలెది అవ్వను శనిగ్రహం చూడమన్నాడు.

"పొగ చూపించడానికా నన్నింత దూరం నడిపించారు?" అంది అవ్వ.

"ముసలి కళ్లు కదా," అని నవ్వాడాయన.

నాకు ఒళ్లు మండింది. ఆ కటకం ఊడదీసి, ముప్పై రెట్లయినా చూపని ఇరవై అయిదు మిల్లీమీటర్లది పెట్టాను. అవ్వ చాలాసేపు కన్ను తీయలేదు.

"చిన్నదే గానీ, దీనికి ఉంగరం ఉందే తల్లీ," అంది.

ఆయన చూడకుండానే వెళ్లి, టీచరు గాఒనే పరికరం పాడుచేసిందని రిజిస్టరులో రాశాడు. ఉంగరం కనబడిందని దాని కిందే రాసి, అవ్వచేత వేలిముద్ర వేయించాను.

డెబ్బై రెట్లు చూపే పది మిల్లీమీటర్ల కటకం ఒకటి పంపు. నల్లమేక ఈనిందా? అమ్మ మోకాలెలా ఉంది? శుక్రవారం అవ్వ తన చెల్లెళ్లిద్దర్నీ తీసుకొస్తానంది.

అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు,
గాఒనే