దిగుడులో ఆపిన ఇంజను

భిలాయి, క్యాంప్-2,
మధ్యప్రదేశ్,
23-11-1997, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు చిట్టిబాబుకు,

మీ అప్ప జోగమ్మ దీవించి రాస్తున్నది. నువ్వూ, మరదలు ఛాయ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగున్నామని రాయబోయాను గాని చెయ్యి సాగలేదు. మీ బావ పెట్టింది తింటున్నారు. చిన్నవాడు రాజేశ్ బండి నడుపుతున్నాడు. నేను లేచి వండుతున్నాను. ఇదే మా క్షేమం. నాది మూడో తరగతి చదువు. తప్పులుంటే నీలో నువ్వే దిద్దుకుని చదువుకో. రాజేశ్‌కి తెలుగు మాట్లాడ్డమే గాని రాయడం రాదు. మీ బావ చేత రాయిద్దామంటే ఆయన ముందు ఈ మాటలు చెప్పలేను. అందుకని నేనే కూర్చున్నాను.

నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళు అందాయి. మన అయ్య పోయి పదిహేనేళ్ళయినా, పాలెం వాళ్ళంతా కలిసి లాగే పెద్దవలలో నా వంతు నువ్వు ఒక్క ఏడాది ఆపలేదు. మూట విప్పగానే పక్కింటి బిహారీ ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మళ్ళీ వచ్చిందా మీ సముద్రం అంది. అదివరకైతే మా పెద్దవాడు త్రినాథ ఆవిణ్ణి ఉడికించడానికి ఒక చేప పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళేవాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మూటలో మడిచి పెట్టిన కాగితం కూడా అందింది. మన పాలెం ముందు సముద్రంలో నూనె కోసం తవ్వొద్దని కలెక్టరు గారికి ఇచ్చే అర్జీ. మూడుసార్లు చదివాను. నూనె వెతికే దీపాల ఓడ వచ్చి వారం రోజులు నిలబడిందనీ, దాని తాళ్ళకి తగులుకుని మీ వలలు రెండు తెగిపోయాయనీ రాశావు. పెద్దవలలో వంతున్న ప్రతి ఇల్లూ ఒప్పుకుంటే తప్ప సముద్రం మాట ఊరు దాటకూడదన్న కట్టుబాటు నాకూ గుర్తుంది. ఒక్క ఇల్లు కాదన్నా పెద్దలు కదలరు. “అందరూ ఎట్టీసినారు, నీ ఒక్క పేరు కాడే ఖాళీ ఉన్నాది అప్పా, బేగి అంపీ” అని రాశావు.

నేను సంతకం పెట్టలేను తమ్ముడూ. ఎందుకో చెబుతాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

మీ పెద్ద మేనల్లుడు పోయి నలభై రోజులయింది. కర్మకి వచ్చినప్పుడు నీకు బ్రేకు పడలేదని మాత్రమే చెప్పారు. ఎందుకు పడలేదో ఎవరూ చెప్పలేదు. మీ బావ ప్లాంటులో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా పెట్టి కొన్న చిన్న లారీ అది. త్రినాథ దాని మీద రాయపూర్‌కి ఇనుప కడ్డీలు తోలేవాడు. దసరాకి ముందు డీజిల్ ధర పెంచారు కదా. కిరాయి మాత్రం పెరగలేదు. పెంచమని అడిగితే, నువ్వు కాకపోతే ఇంకొకడు అన్నారు. అప్పుడు ఎవరో చెప్పారట వాడికి, దిగుడు వచ్చినప్పుడు ఇంజను ఆపేసి బండిని దాని బరువు మీద పోనివ్వమని. అలా పోయినంత దూరం డీజిల్ మిగులుతుంది. ఇక్కడ లారీ వాళ్ళు చాలామంది చేస్తారు. కాని ఇంజను ఆగితే బ్రేకుకి బలం ఉండదట. ఒకటి రెండు సార్లు తొక్కేసరికి రాయిలా బిగిసిపోతుందట. కుమ్హారి దగ్గర దిగుడులో ముందు ఒక సైకిలు అడ్డం వచ్చింది. వాడు సైకిలు వాణ్ణి తప్పించాడు. ఆగి ఉన్న ట్రైలర్‌ని తప్పించలేకపోయాడు. వెనకున్న కడ్డీలు ముందుకొచ్చాయి. ఇంక రాయలేను.

ఇప్పుడు చెప్పు. నా కొడుకుని తిన్నది డీజిల్ ధర కాదా?

మొన్న గురునాథరావు గారు వచ్చారు. వైశాలి నగర్‌లో ఉంటారు, నాలుగు లారీలున్న కాంట్రాక్టరు, మన టెక్కలి వైపు వాళ్ళే. అర్జీ సంగతి చెబితే నవ్వారు. “ఏటి వదినా, మీ తమ్ముడు మరీ ఇడ్డూరంగున్నాడు! అరబ్బు దేశాలోల్ల కాళ్ళు ఒట్టుకుని నూనె తెచ్చుకుంతన్నాం. మన సముద్రంలోదే మనం తీసుకుంతే ధర దిగదా? నువ్వు సంతకం ఎట్టీసి, రేపు డీజిల్ పెరిగితే మళ్ళీ నువ్వే ఏడుస్తావు” అన్నారు. మీ బావ గోడ మీద త్రినాథ ఫొటో వైపు చూశారంతే. ఆ చూపుకి నాకు భయం వేసింది.

నువ్వు రాసింది కూడా మరిచిపోలేదు. నీ ఇంజను పడవ తాగేదీ డీజిలే. “డీజిల్ కరీదైతే రెండ్రోజులు ఏటకెల్లడం మానుకుంతాం అప్పా. సముద్రమే పాడైపోతే మూడోనాడు ఎక్కడికెల్తాం?” అని రాశావు. నీ మాట తప్పని నేను అనడం లేదు. ఆ నీళ్ళ మీద నూనె తెట్టు కట్టడం నాకూ ఇష్టం లేదు. కాని నీకు రెండు రోజులు మానుకునే వీలుంది. రాజేశ్‌కి లేదు. బండి ఒక్కరోజు నిలబడితే ఆ లోడు ఇంకొకడిది.

గురువారం సాయంత్రం ఏం జరిగిందో విను. వాకిట్లో బియ్యం ఏరుతున్నాను. మా సందు చివరినుంచి ఇంటి వైపు కాస్త పల్లంగా ఉంటుంది, నువ్వు చూశావు. తల ఎత్తేసరికి, బాగు చేయించిన ఆ లారీయే ఏ చప్పుడూ లేకుండా నా మీదికి వస్తున్నట్టు వచ్చి గుమ్మం ముందు ఆగింది. చేట జారిపోయింది. రాజేశ్ దిగి నవ్వుతున్నాడు. “డీజిల్ బచాయిస్తన్నానమ్మా! అన్నయ్య ఇలగే చేసేవోడు కదా” అన్నాడు. ఎందుకురా అంటే, “నువ్వు టెన్షన్ తీస్కోకు. అన్నయ్యకి ఆ రోజు లక్ బాగాలేదు, బస్, అంతే” అన్నాడు. వాణ్ణి కొట్టాను తమ్ముడూ. ఇరవై రెండేళ్ళ వాణ్ణి సందులో అందరూ చూస్తుండగా కొట్టాను. వాడు ఏమీ అర్థం కాక చెంప పట్టుకుని నిలబడ్డాడు.

అప్పటినుంచి వాడు బయలుదేరిన దగ్గరనుంచి వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండదు. గేటు దగ్గర సైకిలు ఆగినా, ఎవరైనా పేరు పెట్టి పిలిచినా వాకిట్లోకి పరుగెత్తుతున్నాను. త్రినాథ పోయిన రోజూ ఒక సైకిలు మనిషే వచ్చి కబురు చెప్పాడు. నాకు ఉన్నది ఇంక ఒక్కడే. డీజిల్ దిగితే వాడు దిగుడులో ఇంజను ఆపడు. అంతే నాకు తెలిసిన లెక్క. దానికి మన సముద్రాన్ని తవ్వాలంటే, తవ్వుకోనీ. నన్ను స్వార్థపరురాలివని తిట్టు. మరదల్ని కూడా తిట్టమను. మన పాలెం పెద్దలకి, జోగమ్మ పరాయి ఊరి మనిషి అయిపోయిందని చెప్పు.

సంతకం లేకుండానే కాగితం తిప్పి పంపుతున్నాను. వచ్చే ఏడాది నుంచి నా వంతు చేపలు పంపకు. తినే అర్హత నాకు లేదు.

పిల్లలకి నా ముద్దులు.

నీ అప్ప,
జోగమ్మ

తా.క.: సోమవారం పొద్దున్న. అంటించిన కవరు చింపి ఇది రాస్తున్నాను.

పైన ఒక అబద్ధం రాశాను. దిగుడులో ఇంజను ఆపమని వాడికి ఎవరో చెప్పారని రాశాను కదా. ఎవరో కాదు, నేనే.

గురునాథరావు గారి భార్య వరలక్ష్మమ్మ, వాళ్ళ డ్రైవర్లు అలా చేసి డీజిల్ మిగులుస్తున్నారని గొప్పగా చెప్పింది. నేను వచ్చి త్రినాథని పోరాను. వాడు ఒప్పుకోలేదు. “కడ్డీల లోడమ్మా అది, బ్రేకుకి ఆగదు, నీకు తెల్దు” అన్నాడు. నేను ఊరుకోలేదు. అన్నం వడ్డిస్తూ, “ఆల్లంతా మగోల్లు కారేటి? ఇంత బయమున్నోడివి బండెందుకు కొనిపించావురా మీ అయ్య చేత?” అన్నాను. మర్నాటి నుంచే వాడు దిగుడులో ఇంజను ఆపడం మొదలుపెట్టాడు. పదకొండో రోజుకి పోయాడు.

ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ రాజేశ్ బయలుదేరుతుంటే వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చెప్పేశాను. వాడు ఒక్కటే అడిగాడు. “మరి ఇన్నాల్లూ డీజిల్‌నెందుకు తిడతన్నావమ్మా?” వాడు ఇవాళ బండి తియ్యలేదు. రేపు తీస్తాడు. ఎలా నడుపుతాడో నాకు తెలియదు. ఇంక ఇలా నడుపు అని చెప్పే నోరు నాకు లేదు.

కాగితం మీద సంతకం పెట్టాను. తవ్వకపోతే డీజిల్ పెరుగుతుందేమో. పెరిగితే మా ఇంటికి కష్టమే, గురునాథరావు గారు అన్నది అబద్ధం కాదు. కాని నా నోరు చేసిన పనికి మీ నీళ్ళని జవాబు చెప్పమనలేను.

మీ బావకి ఇంకా తెలియదు. కొడుకుని తిన్నది డీజిల్ ధరేననుకుంటూ ఆయన బతుకుతున్నారు. కూరగాయలకి వెళ్ళారు. ఆయన వచ్చేలోపల ఇది పోస్టు డబ్బాలో వేసి వస్తాను. వచ్చాక ఆయన ఎదురుగా కూర్చుని చెబుతాను.