వియ్యంకుడి మడత చాకు

మార్చి 8, శనివారం

బార్న్‌స్లీ వెళ్ళొచ్చాం. మా ఏంజెలినా చేసుకోబోయే ల్యూక్ వాళ్ళ నాన్న కీత్ ఇంటికి. అంటే నాకు కాబోయే వియ్యంకుడు.

ఎదురెదురుగా సోఫాల్లో కూర్చున్నాం. వాన గురించి ఆయనొక మాట, నేనొక మాట. తర్వాత టీ. తర్వాత మళ్ళీ వాన. లీడ్స్ హాస్పిటల్లో ఇన్నేళ్ళుగా పోర్టర్‌ని, లీడ్స్ వాళ్ళ యాస నాకు కొట్టిన పిండి. బార్న్‌స్లీ మాత్రం వేరే దేశం. ఆయనేదో అంటే నేను నవ్వాను. అది నవ్వాల్సిన మాట కాదట. ఆయన కుక్క చచ్చిపోయిందట.

టాయిలెట్‌కి వెళ్తుంటే హాల్లో గోడకి అద్దాల పెట్టె కనిపించింది. లోపల ఆకుపచ్చ గుడ్డ మీద వరసగా పాత మడత చాకులు. ఆగి చూస్తున్నాను. కీత్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇవన్నీ చాకులకి పేరుపడ్డ షెఫీల్డ్ ఊళ్ళో చేసినవి, కొమ్ము పిడివి దొరకడం కష్టం, నాకూ ఒక్కటే ఉంది అని నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మనిషి మొహమే మారిపోయింది. ఇంతలో మా ఆవిడ రోజమ్మ, ఏమండీ బయల్దేరదామా అంది. ఎప్పుడూ ఇంతే ఈవిడ!

కార్లో ఏంజెలినా ఏడుపు గొంతుతో ఇంగ్లీషులో అంది. ల్యూక్‌కి అమ్మ లేదు, ఆయనకి మనం తప్ప వేరే చుట్టాలు లేరు, ప్రధానం రోజు మన తెలుగు వాళ్ళందరి మధ్యా ఆయన ఓ మూల ఒంటరిగా కూర్చుంటే నేను తట్టుకోలేను డాడీ అని.

నేనూ తట్టుకోలేను. ఎలాగైనా ఆయనతో మాట కలపాలి.

మార్చి 22, శనివారం

దొరికింది!

షిఫ్ట్ దిగి బస్సు కోసం నిలబడితే వాన. వెనకాల పాన్ షాప్ ఉంది. తమలపాకుల పాన్ కాదు, తాకట్టు కొట్టు. తడవకుండా లోపలికి దూరాను. ఉంగరాలు, గిటార్లు, ఎవరివో వాచీలు. వాటి వెనకాల చిన్న ట్రేలో నాలుగైదు పాత చాకులు. అందులో ఒకటి కొమ్ము పిడిది. రెండు బ్లేడ్లు, నల్లగా, అక్కడక్కడా నీలంగా. బ్లేడు మొదట్లో అరిగిపోయిన అక్షరాల్లో షెఫీల్డ్ అని ఉంది. చేతిలో పెట్టుకుంటే వదలబుద్ధి కాలేదు.

కొట్టు ఆయన సర్దార్జీ, మంచివాడు. ఏం చేసినా చెయ్యండి గానీ దీన్ని పాలిష్ మాత్రం చెయ్యకండి, ఆ నలుపే దీని వయసు, కలెక్టర్లు చూసేది అదే అని చెప్పాడు. పద్దెనిమిదేళ్ళు నిండినట్టు ఐడీ చూపించమని కూడా అడిగాడు. నా బట్టతల చూసి కూడా అడిగాడు. రూల్ అట. చూపించాను. కొంచెం సంతోషంగానే ఉంది.

ఎంతయిందో ఇక్కడ రాయను. రోజమ్మ ఈ డైరీ చదవదని నమ్మకం ఏమీ లేదు. ప్రధానం రోజు పళ్ళెంలో పెట్టి ఇచ్చేదాకా ఇది షెడ్డులో, నా పాత బూట్ల డబ్బాలో ఉంటుంది.

మార్చి 23, ఆదివారం

మూస్తే టక్‌మంటుంది. పొద్దున్నుంచీ షెడ్డులో ఏం చేస్తున్నారని రోజమ్మ రెండుసార్లు అడిగింది.

ఏప్రిల్ 6, ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది.

తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన విన్నపాలు అడిగితే శాంతకుమారి గారు లేచారు. మన మధ్యే ఒక కుటుంబం ఉంది ప్రభువా, బిడ్డ పెళ్ళి పెట్టుకుని ఇంట్లో బంగారం తాకట్టు పెట్టుకునే స్థితికొచ్చారు, వాళ్ళని ఆదుకో తండ్రీ అని కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. ఎవరో పాపం అనుకుని నేను అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను. అందరూ నా వైపే చూస్తున్నారేమిటా అనుకున్నాను కూడా. బయట పాస్టర్ గారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కార్లో రోజమ్మ ఒకటే మాట. నా గాజులేం చేశారండీ అని.

నేను పాన్ షాప్‌లోంచి బయటికి రావడం శాంతకుమారి గారు బస్సులోంచి చూశారట! మనవాళ్ళకి తాకట్టు కొట్టులో బంగారం పెట్టడం తప్ప ఇంకో పనుంటుందని తట్టదు. ఇంటికెళ్ళగానే రోజమ్మ బీరువా తెరిచి గాజులు చూసుకుంది. ఉన్నాయి. అయినా నా వంక అనుమానంగానే చూసింది. ఇక తప్పక షెడ్డులోంచి చాకు తెచ్చి చేతిలో పెట్టి అంతా చెప్పాను.

ముందు నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. మీకింత ఆలోచన ఉందని నాకు తెలీదండీ అంది. తర్వాత చాకుని అటూ ఇటూ తిప్పి, ఇంత మకిలి పట్టిన వస్తువా వియ్యంకుడికి ఇచ్చేది అంది. పాతదంటే అలాగే ఉంటుందిలే అన్నాను.

పాలిష్ సంగతి చెప్పాల్సింది. నవ్వుతున్న మనిషిని చూస్తూ ఉండిపోయాను.

మే 2, శుక్రవారం, సాయంత్రం 5

రేపే ప్రధానం. అయిపోయింది. అంతా అయిపోయింది.

డ్యూటీ నుంచి వచ్చేసరికి కిచెన్ టేబుల్ మీద పేపర్ పరిచి ఉంది. దాని మీద చాకు. కొత్త స్టీలు గరిటెలా తళతళలాడుతోంది. నలుపు లేదు, నీలం లేదు. షెఫీల్డ్ అన్న అక్షరాలు ఇంకాస్త అరిగాయి. గోధుమరంగు కొమ్ము తెల్లబడింది. సింకు పక్కన నానబెట్టిన చింతపండు, ఉప్పు, మొన్న గుంటూరు నుంచి తెప్పించిన పీతాంబరి పొడి, స్టీలు పీచు. పండక్కి ఇత్తడి బిందె తోమినట్టు తోమేసింది!

ఎలా ఉందండీ అని అడిగింది. మొహం వెలిగిపోతోంది.

అరిచాను. ఏం అరిచానో రాయడం నాకిష్టం లేదు.

మే 2, సాయంత్రం 7

పరిగెత్తుకుంటూ పాన్ షాప్‌కి వెళ్ళాను. కొమ్ము పిడిది ఇంకోటి లేదు. సర్దార్జీకి చాకు చూపిస్తే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఎవరు చేశారు అన్నాడు. మా ఆవిడ అన్నాను. ఇంకేమీ అనలేదు. ఆయనకీ పెళ్ళయినట్టుంది.

తిరిగొచ్చేసరికి రోజమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. నా వైపు తిరగలేదు. తనదీ హాస్పిటల్ ఉద్యోగమే, వార్డులో పొద్దుటి నుంచీ నిలబడి వచ్చిన మనిషి. వేళ్ళ కణుపులు నొప్పులని పోయిన వారమే జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆ వేళ్ళతోనే తోమింది. మనల్ని తక్కువగా చూడకూడదనే కదండీ అని మాత్రం అంది.

సారీ చెప్పాను. వినపడనట్టు పప్పు తిప్పుతోంది. రెండోసారి చెప్తే, ప్లేటు తెచ్చుకోండి అంది. ఈవిడతో ఇరవై ఎనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నాను, ఆ మాటకి అర్థం నాకు తెలుసు.

చాకు ఏం చెయ్యాలి? ఇవ్వకపోతే చేతిలో ఇంకేమీ లేదు. ఇస్తే, దాని విలువ తెలిసిన మనిషికి దాన్ని పాడుచేసి ఇచ్చినట్టు.

మే 3, శనివారం

కాళ్ళు లాగుతున్నాయి గానీ ఇది రాయకుండా పడుకోను.

చర్చి హాలు నిండా మనవాళ్ళే. కీత్ సూటు వేసుకుని ఒక్కడే వచ్చాడు. ఏంజెలినా భయపడినట్టే ఓ మూల కుర్చీలో కూర్చుని బిర్యానీ వాసన పీలుస్తున్నాడు. పాస్టర్ గారి ప్రార్థన అయ్యింది. ఉంగరాలు మార్చుకున్నారు. పళ్ళెంలో బట్టలు, పళ్ళు, వాటి మధ్య చాకు పెట్టి రోజమ్మ తీసుకొచ్చింది. కీత్ చెయ్యి చాపాడు. ఈవిడ చేతికివ్వదే! పళ్ళెం టేబుల్ మీద పెట్టి తీసుకోమని సైగ చేసింది. ఆయన చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది.

కీత్ చాకు తీసుకున్నాడు. బ్లేడు తెరిచాడు. చూశాడు. చాలాసేపు చూశాడు. బొటనవేలితో పిడి తడిమాడు. ఆయనకి అర్థమైపోయింది, ఆ మొహం చూస్తే నాకూ అర్థమైంది. నేనే ముందుకెళ్ళి, వచ్చిన ఇంగ్లీషులో మొత్తం చెప్పేశాను. పాన్ షాప్, వాన, శాంతకుమారి గారి ప్రార్థన, చింతపండు. శాంతకుమారి గారు ముందు వరసలోనే ఉన్నారు. ఉండనీ.

కీత్ అంతా విన్నాడు. జేబులో చెయ్యి పెట్టి ఒక పెన్నీ, అంటే ఇక్కడి పైసా, తీసి నా అరచేతిలో పెట్టాడు.

ఒక పెన్నీ! అందరి ముందూ! నేను ఇచ్చిన కానుకకి ముష్టి వేసినట్టు! నా చెవులు కాలిపోయాయి. పెన్నీ తిరిగి ఆయన మీదకి విసిరేసేవాణ్ణే. ఏంజెలినా గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. డాడీ, డాడీ అంటూ చెప్పింది. ఇక్కడ కత్తి కానుకగా ఇస్తే స్నేహం తెగిపోతుందంటారట. అందుకని పుచ్చుకున్నవాళ్ళు ఒక పెన్నీ ఇచ్చి కొనుక్కున్నట్టు చేస్తారట. ఇష్టమైన వాళ్ళకే అలా ఇస్తారట.

రోజమ్మ వింది. అందుకే కదా నేను చేతికివ్వంది, కత్తి చేతికిస్తే గొడవలొస్తాయని మా అమ్మ కొట్టేది అంది. ఏంజెలినా అది కీత్‌కి చెప్పింది. ఆయన నవ్వడం మొదటిసారి చూశాను. పైన రెండు పళ్ళు లేవు.

అద్దాల పెట్టెలో పెట్టడానికి ఇది పనికిరాదు అన్నాడు. అందులో పెట్టినవి నేను వాడలేను, ఇది రోజూ వాడుకోవచ్చు అని కోటు జేబులో వేసుకున్నాడు. మడత చాకు, బ్లేడు పొట్టి, లాక్ లేదు, పోలీసులు కూడా ఏమీ అనరు అని కూడా చెప్పాడు. అప్పుడే దాంతో ఒక యాపిల్ కోసి సగం నాకిచ్చాడు. ఆ తర్వాత వాన గురించి ఒక్క మాట మాట్లాడలేదు మేము.

నాకు ఏడుపొచ్చింది. బిర్యానీ కారమన్నాను.

మే 4, ఆదివారం

పెన్నీని రోజమ్మ తన గాజుల డబ్బాలో పెట్టింది. దీన్ని మాత్రం తాకట్టు పెట్టకండి అంది.

సెప్టెంబరు 14, ఆదివారం

కీత్ భోజనానికొచ్చాడు. అన్నం తిన్నాక జేబులోంచి చాకు తీసి ఆరెంజ్ ఒలిచాడు. బ్లేడు మళ్ళీ నల్లబడుతోంది. అంచున కొంచెం నీలం కూడా. గర్వంగా నాకు చూపించాడు.

రోజమ్మ కూడా చూసింది. అయ్యో అన్నయ్యగారూ, ఇటివ్వండి అంటూ చింతపండు డబ్బా తీసింది.

మేమిద్దరం గార్డెన్లోకి పరిగెత్తాం.